పాత నోటును ఉతకవద్దు

పాత నోటు చేతికి రాగానే దాన్ని కొత్తదానిలా తళతళలాడించాలనే కోరిక చాలామంది పిల్లలకు కలుగుతుంది. సబ్బు నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, లావుపాటి పుస్తకం మధ్య ఆరబెట్టి, ఆ పైన ఇస్త్రీపెట్టెతో ఒకసారి రుద్ది ఆల్బంలో పెట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో అనుకుంటారు. పెద్దవాళ్ళలోనూ ఈ పని చేసేవారున్నారు. నోట్లు అమ్మే వాళ్ళలో కొందరైతే దీన్ని ఒక విద్యగానే అభ్యసించారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాత నోటును ఉతకడమంటే సాక్షి నోరు నొక్కడమే. ఎందుకలా అంటున్నానో ఒక దేశపు నోట్లను తీసుకుని చెబుతాను.

మా బడి సైన్సు సంఘంలో ఒక రేకు పెట్టె ఉన్నది. అందులో గవ్వలు, రాళ్ళు, తపాలా బిళ్ళలతో పాటు కొన్ని విదేశీ నోట్లు కూడా ఉన్నాయి. పిల్లలు వాటిలో ఎక్కువగా తిరగవేసేది ఇటలీ నోట్లను. అవి రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలానివి, అంటే 1918కీ 1939కీ మధ్యవి. వాటి మీది బొమ్మలు అందంగా ఉంటాయి, నిజమే. కాని వాటిని నేను పాఠంగా వాడుకోవడానికి కారణం వేరే ఉన్నది. ఇటలీవాళ్ళు ఒకే బొమ్మను దశాబ్దాల తరబడి అచ్చు వేశారు. బొమ్మ మారదు. మారేవన్నీ చిన్న చిన్న గుర్తులే: ఒక ముద్ర, ఒక సంతకం, సంతకం కింది హోదా, ఒక తేదీ. నోటు ఏ కాలానిదో తెలుసుకోవాలంటే భూతద్దం పట్టుకుని ఈ చిన్న గుర్తులనే వెతకాలి. అంటే, సబ్బు నీటి దెబ్బకు మొదట బలి అయ్యే అవకాశమున్న వాటినే.

ముందు ఈ నోట్లను వేసినదెవరో చూద్దాం. ఇప్పుడు ఒక దేశానికి ఒకటే నోట్ల బ్యాంకు ఉండడం మనకు అలవాటైపోయింది. ఇటలీలో 1926 వరకు మూడు బ్యాంకులు నోట్లు వేసేవి: బాంకా డిటాలియా, బాంకో ది నాపోలి, బాంకో ది సిచిలియా. వీటికి తోడు చిల్లర విలువల నోట్లను ప్రభుత్వ ఖజానా స్వయంగా విడుదల చేసేది. వీటిలో బాంకా డిటాలియా 1893లో పుట్టింది. దాని పుట్టుక వెనుక ఒక పెద్ద కుంభకోణం ఉన్నది. అంతకు ముందు బాంకా రోమానా అనే బ్యాంకు ఉండేది. అది తనకు అనుమతించిన దానికన్నా ఎక్కువ నోట్లు వేసింది. అంతటితో ఆగక, ఒకసారి వేసిన వరుస సంఖ్యలతోనే మరికొన్ని నోట్లు అచ్చు వేసింది! ఒకే సంఖ్యతో రెండు నోట్లు. రెండూ అసలు అచ్చువే, రెండూ అసలు కాగితం మీదివే. దొంగనోటు అంటే బయటి దొంగ వేసినదే అయి ఉండనక్కరలేదని అప్పుడు ఇటలీ ప్రజలకు తెలిసివచ్చింది. వరుస సంఖ్య అనేది ఊరికే అలంకారం కాదని ఈ కథ వల్ల మీకూ బోధపడుతుంది.

1926లో చట్టం మారింది. నోట్లు వేసే హక్కు బాంకా డిటాలియా ఒక్కదానికే మిగిలింది. కనుక బాంకో ది నాపోలి పేరున్న నోటు మీకు కనిపిస్తే, అది 1926 తరువాతి అచ్చు కాదని భూతద్దం లేకుండానే చెప్పవచ్చు.

ఇక బొమ్మల సంగతి. ఫ్లోరెన్సు నగరంలో రినాల్డో బార్బెట్టి అనే కళాకారుడు ఉండేవాడు. చెక్క మీద నగిషీలు చెక్కడంలో పేరు మోసినవాడు. బాంకా డిటాలియా వారి 50, 100, 500, 1000 లీరాల నోట్లకు ఆయన గీసిన బొమ్మలు 1896 నుంచి వాడుకలోకి వచ్చాయి. సేకర్తలు ఈనాటికీ ఆ నోట్లను ‘బార్బెట్టి’ అనే పేరుతోనే పిలుస్తారు. రాజులకు, మంత్రులకు దక్కని గౌరవం ఒక చెక్కపనివానికి దక్కింది. ఈ బొమ్మలతో నోట్లు 1920, 1930 దశకాల్లో కూడా అచ్చవుతూనే ఉన్నాయి. ఈలోగా దేశంలో ఎన్నో మార్పులు జరిగాయి. యుద్ధం వచ్చి పోయింది. 1922 అక్టోబరులో ముస్సోలినీ అధికారానికి వచ్చాడు. పార్లమెంటు ఉత్సవ విగ్రహమైంది. ప్రతిపక్షాల వాళ్ళు జైళ్ళ పాలయ్యారు. బార్బెట్టి బొమ్మలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

అయితే, నోటు మీద ఒక చిన్న ప్రభుత్వ ముద్ర ఉంటుంది. మొదట్లో ఆ ముద్రలో ఇటలీ దేశానికి ప్రతీకగా ఒక స్త్రీ తల ఉండేది. 1926 ప్రాంతం నుంచి దాని స్థానంలో కర్రల కట్టకు గొడ్డలి గుచ్చిన గుర్తు వచ్చింది. అదే ఫాసియో, ‘ఫాసిస్టు’ అనే మాట వచ్చింది దాని నుంచే. ముస్సోలినీ 1943లో పదవి పోగొట్టుకున్న తరువాత వేసిన నోట్లలో ఆ కర్రల కట్ట కూడా పోయి, బ్యాంకు పేరులోని మొదటి అక్షరాలు వచ్చాయి. బొమ్మ ఒకటే, ముద్రలు మూడు. ఒక దేశం నియంతృత్వంలోకి జారడం, అందులో నుంచి బయటపడడం మొత్తం వేలిగోరంత ముద్రలో కనిపిస్తుంది. మీ నోటు బార్బెట్టి బొమ్మ ఉన్నది అని చెబితే నేను సగమే సంతోషిస్తాను. ఏ ముద్ర ఉన్నదో కూడా చెప్పండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుర్తు కనిపించగానే తీర్పు చెప్పేయకూడదు. కర్రల కట్ట నిజానికి ప్రాచీన రోము నాటి అధికార చిహ్నం. అమెరికావారు 1916లో తెచ్చిన పది సెంట్ల వెండి నాణెం వెనుక కూడా అది ఉన్నది. అప్పటికి ఫాసిస్టు పార్టీయే లేదు. అలాగే 1919లో వచ్చిన 500 లీరాల నోటు మీద కొడవలి పట్టిన కోతకత్తె బొమ్మ ఉంటుంది. జొవాన్ని కాప్రనేజి అనే చిత్రకారుడు గీసినది. గోధుమ పంట పెంచాలని ముస్సోలినీ 1925లో పెద్ద ప్రచారం లేవదీశాడు కాబట్టి ఈ నోటు ఆ ప్రచారంలో భాగమే అనిపిస్తుంది. కాని బొమ్మ వచ్చిన సంవత్సరం అడ్డం వస్తున్నది గదా! ఆరేళ్ళ తరువాత రాబోయే ప్రచారానికి ముందే బొమ్మ గీయడం ఎవరి తరమూ కాదు. ప్రయోగశాలలో ‘ఇది ముందు జరిగింది కనుక దీనికి అది కారణం కాదు’ అని తేల్చుకున్నట్టే ఇక్కడా తేల్చుకోవాలి.

సంతకాలు కూడా ఇలాంటి గడియారాలే. బొనాల్డో స్ట్రింగెర్ అనే ఆయన 1900 నుంచి బాంకా డిటాలియాకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్నాడు. 1928లో గవర్నరు అనే కొత్త పదవిని సృష్టించి ఆయననే మొదటి గవర్నరును చేశారు. 1930లో ఆయన మరణించాడు. 1931 నుంచి 1944 దాకా విన్చెంజో అజ్జోలిని గవర్నరు. కనుక సంతకం దగ్గర గవర్నరు అనే హోదా ఉంటే ఆ నోటు 1928కి ముందుది కావడానికి వీలు లేదు. సంతకం అజ్జోలినిది అయితే 1931కి ముందుది కావడానికి వీలు లేదు. ఒక్కొక్క ఆధారం ఒక్కొక్క గోడ కట్టుకుంటూ పోతుంది. చివరికి నోటు పుట్టిన కాలం రెండు గోడల మధ్య ఇరుక్కుంటుంది.

అన్నిటికన్నా పిల్లలకు నచ్చేది సంవత్సరాల చిక్కు. ఫాసిస్టులు తమ శకాన్ని తామే మొదలుపెట్టుకున్నారు. 1922 అక్టోబరు చివర నుంచి మొదటి సంవత్సరం లెక్క. ఆ లెక్కను రోమను అంకెల్లో వేసేవాళ్ళు. ఖజానా విడుదల చేసిన 10 లీరాల నోట్ల మీద 1935 పక్కన పదమూడు, 1938 పక్కన పదహారు, 1939 పక్కన పద్దెనిమిది అని ఉంటాయి. చూశారా, 1935 నుంచి 1938కి మూడేళ్ళు, రోమను అంకెల్లోనూ మూడే. 1938 నుంచి 1939కి ఒక్క ఏడాదే. రోమను అంకె మాత్రం రెండు పెరిగింది! అచ్చు తప్పు కాదు. ఫాసిస్టు సంవత్సరం అక్టోబరు చివర మారుతుంది, మన క్యాలెండరు జనవరి ఒకటిన మారుతుంది. 1939లో పదిహేడో సంవత్సరం అక్టోబరు చివరి దాకా నడిచి, ఆ తరువాత పద్దెనిమిదో సంవత్సరం మొదలైంది. అంటే 1939, పద్దెనిమిది అనే జంట అక్టోబరు చివరికీ డిసెంబరు 31కీ మధ్య ఉన్న రెండు నెలల కాలాన్నే సూచిస్తుంది. అదే శరత్కాలంలో, 1939 నవంబరు 14 తేదీతో 1, 2 లీరాల కాగితపు నోట్లు వచ్చాయి. సెప్టెంబరులో ఐరోపాలో యుద్ధం మొదలైంది. చిల్లర నాణేలకు వాడే లోహం ఇక ఆయుధాలకు కావాలి. కనుక చిల్లర కాగితంగా మారింది. 1940 జూన్‌లో ఇటలీ కూడా యుద్ధంలో దిగింది.

నోటు మీద కనిపించని మార్పు మరొకటి ఉన్నది. అది విలువ. 1914కు ముందు చట్టం ప్రకారం ఒక లీరా అంటే సుమారు 0.290 గ్రాముల మేలిమి బంగారం. అప్పట్లో ఒక బ్రిటిష్ పౌనుకు 25 లీరాల పైచిలుకు. యుద్ధం ఖర్చులకు నోట్లు విపరీతంగా వేయడంతో లీరా విలువ పడిపోతూ వచ్చింది. 1926 జూలైలో పౌనుకు 153 లీరాల దాకా పోయింది. ఆ ఆగస్టు 18న ముస్సోలినీ పేజారో అనే ఊళ్ళో ఉపన్యసిస్తూ లీరాను ఎలాగైనా నిలబెడతానని ప్రతిజ్ఞ చేశాడు. పౌనుకు 90 లీరాలు అనేది లక్ష్యం. 1927 డిసెంబరులో 92.46 దగ్గర స్థిరపరిచారు. బంగారంలో చెబితే లీరాకు 0.07919 గ్రాములు. భాగహారం చేసి చూడండి: 1914 నాటి లీరాలో ఇది నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఈ మాత్రం విలువ నిలబెట్టడానికి కూడా అప్పు దొరకడం కష్టమైంది, ఎగుమతులు దెబ్బ తిన్నాయి, కార్మికుల కూలీలు తగ్గించారు. నాయకుడి ప్రతిష్ఠకు కూలివాడి జేబు ఖరీదు కట్టింది. చివరికి 1936 అక్టోబరులో లీరా విలువను 40 శాతానికి పైగా తగ్గించక తప్పలేదు.

ఇప్పుడు 100 లీరాల నోటును ఊహించుకోండి. లెక్క ప్రకారం 1914కు ముందు దాని వెనుక 29 గ్రాముల బంగారం, 1927 చివర సుమారు 7.9 గ్రాములు, 1936 తరువాత 4.7 గ్రాములు. నోటు మీద మాత్రం ప్రతిసారీ ‘నూరు లీరాలు’ అనే ఉన్నది. చూపిన వారికి చూపిన వెంటనే చెల్లిస్తామనే వాగ్దానం కూడా అలాగే ఉన్నది. నోటు చెప్పే మాటను నమ్మవచ్చు గాని, ఎవరి చేతిలో, ఏ సంవత్సరంలో చెబుతున్నదో చూసుకుని నమ్మాలి.

నమ్మనివాళ్ళు కూడా ఉన్నారు. 1935 అక్టోబరులో ఇటలీ సైన్యం ఇథియోపియా మీద దాడి చేసింది. మరుసటి సంవత్సరం ముస్సోలినీ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నాడు. 1938, 1939లలో ఆ వలసల కోసం బాంకా డిటాలియా 50, 100, 500, 1000 లీరాల ప్రత్యేక నోట్లు వేసింది. వాటి మీద ‘ఇటాలియన్ తూర్పు ఆఫ్రికా ప్రత్యేక శ్రేణి’ అనే అర్థం వచ్చే మాటలు ఉంటాయి. అయితే అక్కడి ప్రజలు తరతరాలుగా వాడుతున్నది మారియా థెరీసా వెండి నాణెం. ఆస్ట్రియా రాణి బొమ్మ, 1780 సంవత్సరం ఉన్న ఆ నాణేన్ని, ఆమె చనిపోయి నూటయాభై ఏళ్ళు దాటినా, అదే తేదీతో ముద్రిస్తూనే ఉన్నారు. పరాయి సైన్యం తెచ్చిన కాగితం కన్నా గలగలమనే వెండే వాళ్ళకు నమ్మకం. ముస్సోలినీ ప్రభుత్వమే 1935లో ఆస్ట్రియా నుంచి ఆ నాణెం అచ్చులు సంపాదించి రోము టంకశాలలో దాన్ని కొట్టించింది! 1940 తరువాత బ్రిటిష్‌వారు కూడా యుద్ధ అవసరాలకు మన బొంబాయి టంకశాలలో అదే 1780 నాణేన్ని కొట్టించారు. 1941లో ఎరిట్రియాలోని కెరెన్ కొండల దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన బలగంలో భారత సైన్యపు 4వ, 5వ డివిజన్లు ఉన్నాయి. పట్టుబడిన ఇటాలియన్ ఖైదీలు వేల సంఖ్యలో మన దేశపు శిబిరాలకు వచ్చారు. అందుచేత మన దేశంలో ఎవరి పాత పెట్టెలోనైనా ఒక లీరా నోటు దొరికితే దాన్ని పిచ్చికాగితమని పారవేయకండి.

కర్రల కట్ట ముద్ర ఉన్న నోట్లను దాచుకోవడమే తప్పని వాదించేవారు కొందరున్నారు. నేను ఒప్పుకోను. దాచాలి, చదవాలి. చొక్కాకు బిళ్ళలా తగిలించుకుని తిరగడం వేరు, సాక్ష్యంగా భద్రపరచడం వేరు.

ఇంతవరకు చెప్పినది అచ్చు వేసినవాడు నోటు మీద వదిలిన గుర్తుల సంగతి. వాడినవాళ్ళు వదిలినవి వేరే ఉన్నాయి. ఆ కాలపు పెద్ద నోట్లు నిజంగానే పెద్దవి. మడవనిదే జేబులో పట్టవు. కనుక మడత గీతలు ఉంటాయి. నాలుగు మడతల మధ్య బిందువు దగ్గర చిన్న రంధ్రం పడుతుంది. నోట్లను గుండుసూదితో గుచ్చి కట్టగా పెట్టే అలవాటు వల్ల సూది రంధ్రాలు ఉంటాయి. వాటి చుట్టూ తుప్పు వలయం కనిపించవచ్చు. ఒక్కోసారి వెనుక పెన్సిలుతో ఎవరో వేసుకున్న కూడిక ఉంటుంది. ఒక్కోసారి ఏ దుకాణందో, కార్యాలయందో ముద్ర ఉంటుంది. మురికి కూడా సమంగా పట్టదు. వేళ్ళు పట్టుకున్న అంచుల దగ్గర ఎక్కువ, మడత లోపల తక్కువ. శిలాజం మీద ఆకు ఈనెలు ఎలాంటివో నోటు మీద ఈ మడతలు అలాంటివి.

సేకర్తల బజారులో మాత్రం వీటికి విలువ లేదు. మడత లేని నోటుకే ధర. ఇటలీవాళ్ళు నోటు స్థితికి పెట్టుకున్న పేర్లు వింటే మీకు నవ్వు వస్తుంది. అసలు వాడనిది ‘ఫియోర్ ది స్తాంపా’, అంటే అచ్చులో పూసిన పువ్వు. దాని తరువాత ‘స్ప్లెండిడో’, దేదీప్యమానం. ఆ తరువాత ‘బెల్లిస్సిమో’, అత్యంత సుందరం. ఆ కిందిది ‘మోల్తో బెల్లో’, చాలా అందమైనది. ఈ ‘చాలా అందమైనది’ మీ చేతికి వస్తే నలిగి, మెత్తబడి, అంచులు అరిగి ఉంటుంది! మా పెట్టెలోవి చాలావరకు ఈ చాలా అందమైనవే. ధరలో తక్కువ కనుకనే బడికి అందాయి. ఒక్కో మెట్టు ఎక్కితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే నలిగిన నోటును ఉతికి, ఒత్తి, గంజి పెట్టి పై మెట్టుకు ఎక్కించాలనే ఆశ పుడుతుంది.

అలా చేస్తే ఏమవుతుంది? నోటు కాగితం మన రాత పుస్తకాల కాగితం లాంటిది కాదు. పత్తి, నార వంటి పీచుతో చేసినది. ఆ పీచంతా సెల్యులోజు. తయారైన కాగితానికి జెలటిన్ అనే పలుచని జిగురు పూత వేసేవారు. ఈ పద్ధతి పదమూడో శతాబ్దంలో ఇటలీలోని ఫబ్రియానో ఊరి కాగితపు పనివాళ్ళు కనిపెట్టినది. నీటి గుర్తు కూడా అక్కడిదే. ఆ జిగురు వల్లనే కాగితానికి బిగువు, విదిలిస్తే పటపటమనే చప్పుడు వస్తాయి. వేడి నీటిలో జెలటిన్ కరుగుతుంది. పీచుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలను నీరు సడలిస్తుంది. ఆరిన తరువాత పీచులు మళ్ళీ పట్టుకుంటాయి గాని మునుపటి అమరికలో కాదు. నోటు తెల్లబడుతుంది, దానితో పాటు పీలికలా మెత్తబడుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి గంజి పెడతారు. గంజి మన వాతావరణంలో బూజుకూ పురుగులకూ విందు భోజనం. బ్లీచింగ్ పౌడరు వాడితే మరీ ఘోరం. అది మరకతో పాటు సెల్యులోజు గొలుసులను కూడా ఆక్సీకరించి తెంపుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కొన్నాళ్ళకు నోటే పెళుసై మడత దగ్గర విరుగుతుంది. ఇక ఇస్త్రీపెట్టె కాగితాన్ని చదును చేస్తుంది. అచ్చు అక్షరాలు కాగితంలోకి దిగబడి ఏర్పడిన ఎత్తుపల్లాలు అణిగిపోతాయి. వేలితో తడిమి అసలు అచ్చును గుర్తుపట్టే అవకాశం అక్కడితో సరి.

అన్నిటికన్నా చిత్రమైనది ఇది. దుకాణాలలో దొంగనోట్లు పట్టడానికి ఊదారంగు దీపం వాడతారు, చూసే ఉంటారు. దాని నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు పడితే మామూలు తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది. కారణం, కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే మెరుపు రసాయనాలు. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, కనిపించే నీలి కాంతిగా వదులుతాయి. మన రూపాయి నోటు కాగితం అలా మెరవదు. అందులోని కొన్ని పోగులు మాత్రమే మెరుస్తాయి. ఈ మెరుపు రసాయనాలు వాణిజ్యపరంగా వాడుకలోకి వచ్చినది 1940 ప్రాంతం నుంచే. కనుక 1925 నాటి నోటు కాగితం నీలంగా ధగధగలాడితే అది తరువాతి కాలపు కాగితం మీద వేసిన నకలు అని అనుమానించాలి. ఇప్పుడు ఆలోచించండి. మన ఇళ్ళలో బట్టలుతికే సబ్బు పొడుల్లో చాలావాటిలో ఈ రసాయనాలే ఉంటాయి. నిఖార్సయిన 1925 నోటును ఆ నీళ్ళలో ముంచి తీశారనుకోండి. పీచుకు ఆ రసాయనం అంటుకుంటుంది. దీపం కింద పెడితే అసలు నోటు దొంగనోటులా మెరుస్తుంది! మీ చేతులతో మీరే నిజాన్ని అబద్ధం చేసినవారవుతారు.

నమ్మకం కలగకపోతే నోటు జోలికి పోకుండా ప్రయోగం చేయవచ్చు. చలువ చేయని ముతక ఖద్దరు గుడ్డను రెండు ముక్కలు చేయండి. ఒకటి మంచినీళ్ళలో, రెండోది సబ్బు పొడి నీళ్ళలో నానబెట్టి, జాడించి, ఆరవేయండి. తెలిసిన దుకాణదారుణ్ణి అడిగి రెండింటినీ దీపం కింద పెట్టి చూడండి. దీపం వంక మాత్రం నేరుగా చూడవద్దు, కళ్ళకు చేటు.

నాతో వాదించేవారు రెండు మాటలు అంటారు. మురికి నోటులో క్రిములుంటాయి అనేది మొదటిది. ఉంటే ఉండవచ్చు. నోటు పట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. కడగవలసినవి చేతులు, నోటు కాదు. మ్యూజియంలలో కూడా శుభ్రం చేస్తారు గదా అనేది రెండోది. చేస్తారు. కాని అక్కడ ఆ పని నేర్చినవాళ్ళు ముందు ఫొటో తీసి, సిరాను ఒక మూల పరీక్షించి, ఏ ద్రవం ఎంతసేపు వాడారో రాసిపెట్టి, నోటు నిజంగా నశించిపోయే స్థితి ఉంటేనే చేస్తారు. ధర పెంచడానికి చేయరు. ఉతికిన సంగతి చెప్పకుండా అమ్మడం, నా దృష్టిలో, పాలలో నీళ్ళు కలిపి అమ్మడం కన్నా ఏమాత్రం తక్కువ నేరం కాదు.

మరి దాచుకునేదెట్లా? సెల్లో టేపు అంటించవద్దు. దాని జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అసలే వద్దు. వేడితో అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్ళీ తీయలేరు. జిడ్డుగా, ఘాటైన వాసన వేసే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా పనికిరావు. పాలియెస్టరు కవరు దొరికితే మంచిది, లేకపోతే శుభ్రమైన, ఆమ్లం లేని కాగితపు కవరు చాలు. వానాకాలంలో ఇనుప పెట్టెలో చెమ్మ చేరుతుంది. మందుల సీసాలలో వచ్చే సిలికాజెల్ పొట్లాలు నాలుగు పోగుచేసి ఒక మూల ఉంచండి. కలరా ఉండలను నోట్లకు తగిలేలా వేయకండి. ఎండలో ఆరబెట్టకండి. చూడాలనిపించినప్పుడు అంచులు పట్టుకుని తీసి, కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి నీటి గుర్తు చూసి, మళ్ళీ లోపల పెట్టండి.

కవరు మీద, నోటును లోపల పెట్టక ముందే, పెన్సిలుతో రాయండి: ఏ బ్యాంకు లేక ఖజానా, ఎంత విలువ, ఏ ముద్ర, ఎవరి సంతకం, ఏ హోదా, ఏ తేదీ, సూది రంధ్రాలు ఎన్ని, వెనుక ఏమైనా రాత ఉన్నదా, ఎవరి దగ్గర నుంచి, ఏ రోజున మీకు వచ్చింది. తేలని వాటికి ఖాళీ వదలండి. అమ్మే మనిషి ‘ఒక్క నిమిషం ఆగు బాబూ, శుభ్రం చేసి ఇస్తాను’ అంటే, ‘అక్కరలేదండీ, అలాగే ఇవ్వండి’ అని చెప్పి తీసుకోండి.